రిపోర్టులన్నీ బాగానే ఉన్నాయంటారు, నొప్పులు మాత్రం తగ్గవు: మనసు పెట్టి వినే స్పెషలిస్టును ఎలా వెతుక్కోవాలి?

ప్రశ్న క్లుప్తంగా: అడిగినది నరసరావుపేట దగ్గర స్కూల్లో టీచరుగా పనిచేస్తున్న 31 ఏళ్ల అమ్మాయి. రెండున్నరేళ్లుగా వేళ్ల కణుపుల్లో, మణికట్లలో నొప్పులు. పొద్దున లేచేసరికి చేతులు బిగుసుకుపోయి ఉంటాయి. సాయంత్రానికి నీరసం, అప్పుడప్పుడు ఒళ్లు వెచ్చబడడం. ఎముకల డాక్టరు, ఫిజీషియన్, థైరాయిడ్ డాక్టరు ముగ్గురూ చూశారు. ఈఎస్ఆర్ 38, హిమోగ్లోబిన్ 9.8, ఆర్ఏ ఫ్యాక్టర్ నెగటివ్, ఏఎన్ఏ 1:80 పాజిటివ్, థైరాయిడ్ నార్మల్. చివరికి "పెద్దగా ఏమీ లేదమ్మా, టెన్షన్ తగ్గించుకో" అన్నారట. ఇంట్లో అత్తగారిదీ అదే మాట. "నాకు నిజంగా జబ్బు ఉందా, లేక నా భ్రమా? నేను చెప్పేది పూర్తిగా వినే స్పెషలిస్టు ఎక్కడ దొరుకుతారు? హైదరాబాద్ వెళ్లాల్సిందేనా?" అని అడుగుతున్నారు.

అమ్మా, ముందు సూటిగా చెప్తాను. మీది భ్రమ కాదు. మీరు రాసిన లక్షణాలు, ముఖ్యంగా పొద్దున చేతులు బిగుసుకుపోవడం, చిన్న కీళ్లలో నొప్పి, వీటితో పాటు పెరిగిన ఈఎస్ఆర్ (ఒంట్లో వాపును సూచించే రక్త పరీక్ష) చూస్తే, మీరు రుమటాలజిస్టును, అంటే కీళ్లవాతం, రోగనిరోధక వ్యవస్థ జబ్బులు చూసే స్పెషలిస్టును కలవాల్సిన మనిషి. ఏ జబ్బో ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను, చెప్పకూడదు కూడా. కానీ మీ కీళ్లను ఒక్కొక్కటిగా నొక్కి చూసి, మూత్ర పరీక్ష చేయించి, "మళ్లీ ఫలానా తేదీకి రండి" అని చెప్పే డాక్టరు మీకు కావాలి. అలాంటివాళ్లు ఉన్నారు. మొదటి అడుగుకే హైదరాబాద్ అక్కర్లేదు. గుంటూరులో, విజయవాడలో రుమటాలజిస్టులు ఉన్నారు.

నేను చాలా ఏళ్లుగా ఈ శాఖలోనే ప్రాక్టీస్ చేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది మీలాగే లావుపాటి ఫైలు పట్టుకుని, కూర్చోగానే "మీరైనా నమ్ముతారా మేడం" అని మొదలుపెడతారు. అందుకే మీ ప్రశ్నకు కాస్త పొడుగ్గానే రాస్తున్నాను. ఇదే స్థితిలో ఉన్న మిగతావాళ్లకు కూడా పనికొస్తుంది.

మీ రిపోర్టులు ఏం చెప్తున్నాయి, ఏం చెప్పడం లేదు

ఆర్ఏ ఫ్యాక్టర్ నెగటివ్ వస్తే కీళ్లవాతం లేనట్టే అని చాలామంది అనుకుంటారు. అది తప్పు. రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్న ప్రతి 100 మందిలో సుమారు 20 నుంచి 30 మందికి ఈ పరీక్ష నెగటివ్‌గానే ఉంటుంది. మరోవైపు వయసు పైబడ్డవాళ్లలో, హెపటైటిస్ సి, టీబీ లాంటి ఇన్ఫెక్షన్లు ఉన్నవాళ్లలో కీళ్లవాతం లేకపోయినా పాజిటివ్ రావచ్చు. అందుకే దీనితో పాటు యాంటీ సీసీపీ అనే పరీక్ష కూడా చూస్తాం. అదీ నెగటివ్ అయినా, వేళ్ల కణుపులు వాచి ఉంటే ఆ వాపు మాటే చెల్లుతుంది.

ఏఎన్ఏ సంగతి దీనికి తలకిందులు. మన కణాల కేంద్రకాల మీదే ఒంట్లో తయారయ్యే యాంటీబాడీల పరీక్ష ఇది. 1:80 అంటే రక్తాన్ని 80 రెట్లు పలుచన చేసినా అవి కనపడ్డాయని. 1997లో పలు దేశాల ల్యాబ్‌లు కలిసి చేసిన అధ్యయనంలో, పూర్తి ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కూడా ప్రతి 100 మందికి సుమారు 13 మందిలో 1:80 దగ్గర ఏఎన్ఏ పాజిటివ్ వచ్చింది. 1:40 దగ్గర చూస్తే 30 మందికి పైగా. కాబట్టి మీ 1:80 చూసి ఇంటర్నెట్‌లో లూపస్ (రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే దాడి చేసే జబ్బు) గురించి చదివి రాత్రంతా నిద్ర మానుకోవద్దు. అలాగని ఆ కాగితాన్ని పక్కన పడేయనూ వద్దు. లూపస్ కోసం 2019లో యూరప్, అమెరికా సంఘాలు కలిసి ఇచ్చిన ప్రమాణాల్లో 1:80 అనేది లోపలికి వెళ్లే గుమ్మం మాత్రమే. ఆ తర్వాత జ్వరం, కీళ్లు, చర్మం, కిడ్నీ, రక్తకణాలు, ఇతర యాంటీబాడీలు చూసి పాయింట్లు లెక్కపెడతారు. నిజానికి ఆ ప్రమాణాలు పరిశోధనల కోసం తయారుచేసినవి. క్లినిక్‌లో అవి దారి చూపిస్తాయి, తీర్పు మాత్రం మనిషిని చూసి ఇవ్వాలి.

ఈఎస్ఆర్‌కు ఒక పాత లెక్క ఉంది. ఆడవాళ్లకు వయసుకు 10 కలిపి సగం చేస్తే దాదాపు పై హద్దు. మీ వయసుకు అది 20 చుట్టూ ఉంటుంది. 38 అంటే కొంచెం ఎక్కువే. అయితే రక్తహీనత కూడా ఈఎస్ఆర్‌ను పెంచుతుంది, మీ హిమోగ్లోబిన్ 9.8. నాకు ఇక్కడే బాధేసింది. ఈ 9.8 గురించి మీకు ఎవరూ ఏమీ చెప్పినట్టు లేదు. మీ నీరసంలో కొంత భాగం దానిదే కావచ్చు. ఐరన్ తక్కువ వల్లా, బి12 తక్కువ వల్లా, లేక లోపల నడుస్తున్న వాపు వల్లా అన్నది తేల్చాలి. ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), బి12 చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

ఇంకో మాట. ఒళ్లు వెచ్చబడుతోందని రాశారు. మన దేశంలో దీర్ఘకాలం సన్నజ్వరం ఉంటే టీబీ గురించి ఆలోచించకుండా ముందుకు వెళ్లకూడదు. స్టెరాయిడ్ మొదలుపెట్టే ముందైతే తప్పనిసరిగా చూడాలి. ఛాతీ ఎక్స్‌రే తీయించారా అన్నది మీరు రాయలేదు.

దయగల డాక్టరును గుర్తుపట్టడం ఎలా?

మెత్తగా మాట్లాడి, "ఏం భయం లేదమ్మా, నేనున్నాగా" అనే డాక్టరు అందరికీ నచ్చుతారు. నాకూ అలాంటి సహచరులంటే ఇష్టమే. కానీ దీర్ఘకాలిక జబ్బు విషయంలో నేను చూసేది వేరే. ఆ డాక్టరు మీ చేతులు తన చేతుల్లోకి తీసుకుని చూశారా? మణికట్టు, వేళ్ల మొదటి కణుపులు, మధ్య కణుపులు ఒక్కొక్కటీ బొటనవేలితో నొక్కారా? నోట్లో పుండ్లు ఉన్నాయా అని లైటు వేసి చూశారా? జుట్టు, గోళ్ల మొదళ్లు, పాదాలు చూశారా? రక్త పరీక్షలో కనపడని వాపు ఈ చేతి పరీక్షలో దొరుకుతుంది. మాట కటువైనా ఇవన్నీ చేసిన డాక్టరు, తియ్యగా మాట్లాడి మీ వైపు చూడకుండానే పది పరీక్షలు రాసిన డాక్టరుకన్నా ఎక్కువ దయ చూపించినట్టే.

రెండోది, "నాకు ఇంకా తెలియదు" అని చెప్పగలగడం. మా శాఖలో జబ్బులు మొదటి రోజే పేరు చెప్పుకుని రావు. లూపస్, షోగ్రెన్స్ (కళ్లు, నోరు ఎండిపోయే జబ్బు), స్క్లిరోడెర్మా (చర్మం గట్టిపడే జబ్బు) లాంటివి కొందరిలో ఏళ్ల తరబడి సగం సగం లక్షణాలతో ఉంటాయి. ఇంకా పూర్తి రూపం రాని ఈ దశకు వైద్యంలో ఒక పేరు కూడా ఉంది, అన్‌డిఫరెన్షియేటెడ్ కనెక్టివ్ టిష్యూ డిసీజ్ అంటాం. ఇలాంటివాళ్లలో చాలామందికి అది అక్కడే ఆగిపోతుంది, కొందరికి తగ్గిపోతుంది, కొందరికి ముదిరి అసలు జబ్బు బయటపడుతుంది. అది తెలియాలంటే కాలమే చూడాలి. ఆ కాలమంతా మీతో ఉండే డాక్టరు కావాలి.

ఒక లెక్చరర్ గుర్తొస్తున్నారు. మీలాగే కీళ్ల నొప్పులు, ఎండలోకి వెళ్తే చర్మం మంట, ఏఎన్ఏ పాజిటివ్, మిగతావన్నీ నార్మల్. "ఇప్పుడు దీన్ని లూపస్ అనలేను, కాదనీ అనలేను. మూడు నాలుగు నెలలకోసారి వచ్చి మూత్ర పరీక్ష చేయించుకోవాలి" అని చెప్పాను. ఆవిడకు మొదట అసంతృప్తిగానే ఉంది, పేరు చెప్పని డాక్టరు దగ్గరికి మళ్లీ రావడమెందుకని. అయినా వచ్చేవారు. ఒకసారి మూత్రంలో ప్రొటీన్ కనపడింది. ఒంట్లో ఏ తేడా లేదు, కాళ్ల వాపు లేదు. కిడ్నీ బయాప్సీ చేయిస్తే లూపస్ కిడ్నీ దాకా వెళ్లిందని తేలింది. తొలిదశలోనే చికిత్స మొదలైంది కాబట్టి కిడ్నీలు నిలబడ్డాయి. మొదటి రోజు ఆవిణ్ని "ఏమీ లేదు" అని పంపేసి ఉంటే కాళ్లు వాచాకే ఎవరికైనా తెలిసేది.

"ఏమీ లేదు" అనడానికీ, "ఇప్పటికి ఏమీ కనపడలేదు, ఫలానా తేదీకి రండి" అనడానికీ ఉన్న తేడా ఇదే. మీరు వెతకాల్సింది రెండో మాట చెప్పేవాళ్లను.

"టెన్షన్" అన్నప్పుడు

ఈ మాట మీద మీకు కోపం వచ్చిందని మీ రాతలో తెలుస్తోంది. న్యాయమే. కానీ రెండు వైపులా చెప్పాలి. మనసు బాగోకపోతే నొప్పి ఎక్కువవుతుంది, నిద్ర చెడుతుంది. ఏళ్ల తరబడి నొప్పి ఉన్న మనిషికి దిగులు కూడా వస్తుంది. మంచి డాక్టరు మీ నిద్ర, మనసు, ఇల్లు, ఉద్యోగం గురించి తప్పకుండా అడుగుతారు. ఆ ప్రశ్నలను అవమానంగా తీసుకోవద్దు. సైకియాట్రిస్టును కూడా ఒకసారి కలవమంటే, పంపించేస్తున్నారనుకోవద్దు. కీళ్ల చికిత్స ఆపకుండా ఆ మాట అన్నారా, ఆపేసి అన్నారా అన్నది చూడండి. వేరే ఏదీ దొరకలేదు కాబట్టి టెన్షన్ అనడం రోగ నిర్ధారణ కాదు. దిగులుకు దిగులు లక్షణాలు ఉండాలి, వాటిని అడిగి తెలుసుకుని నిర్ధారించాలి.

ఫైబ్రోమయాల్జియా ఉన్నవాళ్లు ఈ మాటకు ఎక్కువగా నలిగిపోతారు. ఒళ్లంతా నొప్పులు, పడుకున్నా తీరని అలసట, మతిమరుపు, కానీ ఈఎస్ఆర్, సీఆర్పీ (వాపును చూపే మరో రక్త పరీక్ష), ఎక్స్‌రేలు అన్నీ నార్మల్. అయినా అది నిజమైన జబ్బు. నొప్పిని అందుకునే నాడీవ్యవస్థ మరీ సున్నితంగా మారిపోవడం అందులో ప్రధానం. నా దగ్గరికి వచ్చిన ఒక గృహిణి, ఈ పేరు చెప్పి వివరించగానే కళ్లనీళ్లు పెట్టుకున్నారు. జబ్బు ఉందన్న బాధతో కాదు, తను అబద్ధం చెప్పడం లేదని కాగితం మీద ఒకరు రాసినందుకు. ఆవిడకు నిద్ర కోసం తక్కువ మోతాదు అమిట్రిప్టిలిన్, రోజూ కొద్దికొద్దిగా పెంచుకుంటూ నడక మొదలుపెట్టాం. పూర్తిగా తగ్గిందని చెప్పను. కానీ వంటింట్లో నిలబడగలుగుతున్నారు, మనవరాలిని ఎత్తుకోగలుగుతున్నారు.

లోపలికి వెళ్లే ముందు మీ వైపు నుంచి చేయాల్సింది

ఓపీల్లో రద్దీ మీకు తెలిసిందే. 2017లో 67 దేశాల సమాచారంతో వచ్చిన ఒక పరిశీలన ప్రకారం, ప్రాథమిక స్థాయి వైద్యంలో డాక్టరు ఒక రోగికి ఇచ్చే సమయం బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు, స్వీడన్‌లో ఇరవై రెండున్నర నిమిషాలు. మన దేశం బంగ్లాదేశ్‌కే దగ్గరగా ఉంది. 1984లో అమెరికాలో చేసిన అధ్యయనంలో, రోగి చెప్పడం మొదలుపెట్టిన 18 సెకన్లకే డాక్టర్లు అడ్డుపడుతున్నారని తేలింది.

కానీ నాకు ఎంతో నచ్చిన లెక్క వేరే ఉంది. 2002లో స్విట్జర్లాండ్‌లోని ఒక ఆసుపత్రిలో డాక్టర్లను అడ్డుపడకుండా వినమన్నారు. రోగులు సగటున 92 సెకన్లు మాట్లాడి వాళ్లంతట వాళ్లే ఆపేశారు. 100కి 78 మంది రెండు నిమిషాల్లోపే ముగించారు. దీర్ఘకాలిక జబ్బులతో వచ్చినవాళ్లు కూడా అందులో ఉన్నారు. అంటే వినడానికి గంటలు అక్కర్లేదు. ఈ లెక్క నేను మా జూనియర్లకు ప్రతి బ్యాచ్‌లో చెప్తాను. మీకు చెప్పేది ఏమిటంటే, ఆ మొదటి రెండు నిమిషాల్లో ఏం చెప్పాలో ఇంట్లోనే రాసుకుని వెళ్లండి.

ఒకే ఒక్క కాగితం చాలు. ఎప్పుడు, ఎక్కడ మొదలైంది. జ్వరం తర్వాతా, కాన్పు తర్వాతా, ఏమీ లేకుండానా. ఏ కీళ్లు. పొద్దున బిగువు ఎంతసేపు ఉంటుంది, పది నిమిషాలా, గంటా. మా ప్రశ్నల్లో ఇది చాలా విలువైనది. అరగంట దాటి, కదిలేకొద్దీ తగ్గే బిగువైతే లోపల వాపు ఉన్న కీళ్లవాతం వైపు ఆలోచిస్తాం. పని చేసేకొద్దీ పెరిగి, విశ్రాంతితో తగ్గే నొప్పైతే అరుగుదల వైపు. తర్వాత, వాడిన మందుల పేర్లు. ఆర్ఎంపీ ఇచ్చిన ఇంజెక్షన్లు, నాటు మందులు, పొడులు కూడా దాచకుండా రాయండి. ఎవరూ తిట్టరు, తిట్టకూడదు. కీళ్ల నొప్పులకని ఇచ్చే పేరు లేని పొడుల్లో కొన్నిసార్లు స్టెరాయిడ్ కలిపి ఉంటుంది. నెలల తరబడి వాడినవాళ్లు ముఖం గుండ్రంగా ఉబ్బి, షుగరు, బీపీ పెరిగి వస్తారు. దాన్ని ఒక్కసారిగా ఆపినా ప్రమాదమే, నెమ్మదిగా తగ్గించాలి. చెప్తేనే మాకు తెలుస్తుంది.

వాపు వచ్చిన రోజు ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి. చెంపల మీద ఎర్రదనం, చలికి వేళ్లు తెల్లగా, నీలంగా మారడం, కణుపుల వాపు, ఇవన్నీ అపాయింట్‌మెంట్ రోజున కనపడకుండా పోతాయి. ఒక్క మంచి ఫోటో నాకు నాలుగు పరీక్షల పని చేసిన సందర్భాలున్నాయి. ఓర్చుకోగలిగితే ఆ రోజు పొద్దున నొప్పి బిళ్ల వేసుకోకండి, ఉన్న వాపు కనపడుతుంది. బీపీ, షుగరు, థైరాయిడ్, స్టెరాయిడ్ మందులు మాత్రం ఎట్టి పరిస్థితుల్లో మానొద్దు.

ఇంకా, మీకు సంబంధం లేదనిపించేవి కూడా రాయండి. కళ్లు ఎర్రబడడం, నోటిపూత, జుట్టు రాలడం, గర్భస్రావాలు, ఇంట్లో ఎవరికైనా సోరియాసిస్ లేదా కీళ్లవాతం. ఒక దర్జీ పనిచేసే ఆవిడ నాలుగైదేళ్లపాటు పళ్ల డాక్టరు చుట్టూ తిరిగారు, పళ్లన్నీ పుచ్చిపోతున్నాయని. కళ్లలో ఇసుక పడ్డట్టు ఉంటోందని కళ్ల డాక్టరు చుట్టూ తిరగడం వేరే. నొప్పులకని నా దగ్గరికి వచ్చినప్పుడు "మరమరాలు నీళ్లు తాగకుండా తినగలరా?" అని అడిగితే, "మంచినీళ్ల సీసా లేకుండా గడప కూడా దాటను, మా అమ్మాయి పేరెంట్స్ మీటింగ్‌కి కూడా సీసాతోనే వెళ్తా" అన్నారు. కింది రెప్పలో కాగితం ముక్క పెట్టి 5 నిమిషాలు చూశాం, 5 మిల్లీమీటర్లు కూడా తడవలేదు. షోగ్రెన్స్ అని తేలింది. పళ్లు, కళ్లు, కీళ్లు మూడూ ఒకే జబ్బు.

అలాగే ఒక కుర్రాడు, పాతికేళ్లు కూడా లేవు, నడుము నొప్పికి డిస్క్ అని బెల్టు కట్టి, పూర్తిగా పడుకోమన్నారు. అతనికి తెల్లవారుజామున నొప్పితో మెలకువ వస్తుంది, లేచి తిరిగితే తగ్గుతుంది. విశ్రాంతితో పెరిగి, కదిలితే తగ్గే నడుము నొప్పి చిన్న వయసులో వస్తే వెన్నెముక కీళ్లలో వాపు వచ్చే యాంకైలోజింగ్ స్పాండిలైటిస్‌ను అనుమానించాలి. ఒకప్పుడు కన్ను ఎర్రబడి చూపు మసకేసిందని కూడా చెప్పాడు, అది కూడా ఇదే జబ్బులో భాగం. నడుము ఎంఆర్ఐ అంతకుముందే తీశారు. తుంటి దగ్గరి శాక్రోఇలియాక్ కీళ్లకు మాత్రం ఎవరూ తీయలేదు. అక్కడే దొరికింది. అతనికి కావాల్సింది మంచం కాదు, వ్యాయామం.

చికున్‌గున్యా సంగతి: 2005-06లో మన రాష్ట్రంలో పెద్దఎత్తున వచ్చినప్పటి నుంచి ఇది మనకు కొత్త కాదు. జ్వరం తగ్గాక నెలల తరబడి, కొందరికి ఏళ్ల తరబడి కీళ్ల నొప్పులు ఉండిపోతాయి, అచ్చం రుమటాయిడ్‌లా. మీకు మొదట్లో ఒంటి మీద దద్దుర్లతో జ్వరం వచ్చి ఉంటే అది తప్పక చెప్పండి.

ఎక్కడ వెతకాలి

కీళ్ల వాపు జబ్బులకు ఎముకల డాక్టరు కాదు, రుమటాలజిస్టు కావాలి. ఎముకలు విరిగినా, కీలు మార్చాల్సి వచ్చినా ఎముకల డాక్టరు. ఎండీ జనరల్ మెడిసిన్ తర్వాత డీఎం లేదా డీఆర్‌ఎన్‌బీ అనే సూపర్ స్పెషాలిటీ కోర్సు చేసి, క్లినికల్ ఇమ్యునాలజీ, రుమటాలజీ అని ఉందా చూసుకోండి. నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్‌లో డాక్టర్ల రిజిస్టరు ఉంటుంది, అక్కడ వివరాలు చూసుకోవచ్చు. బోర్డు మీద "వాత రోగ నిపుణులు" అని ఉంటే సరిపోదు.

చిన్న పట్టణాలకు నెలకు ఒకటి రెండు రోజులు విజిటింగ్‌కు వచ్చే స్పెషలిస్టులుంటారు. వాళ్లను కలవడంలో తప్పులేదు, కానీ ఆ రోజు రద్దీ చాలా ఉంటుంది. తొలిసారి మాత్రం వాళ్ల సొంత క్లినిక్‌కే వెళ్లడం మేలు. ఫోన్ చేసినప్పుడు రిసెప్షన్‌లో రెండు ప్రశ్నలు అడగండి: "కొత్త పేషెంటుకు ఎంతసేపు ఇస్తారు? ఏ రోజు రద్దీ తక్కువ?" వాళ్ల జవాబులోనే ఆ క్లినిక్ పద్ధతి చాలావరకు తెలుస్తుంది.

గుంటూరు, విజయవాడల్లో చూపించుకున్నా తేలకపోతే, లేదా కిడ్నీ, ఊపిరితిత్తుల లాంటి అవయవాలకు సమస్య ఉందన్న అనుమానం వస్తే, అప్పుడు హైదరాబాద్ పంజాగుట్టలోని నిమ్స్, వెల్లూరు సీఎంసీ లాంటి చోట్ల రుమటాలజీ విభాగాలున్నాయి. అక్కడ జూనియర్ డాక్టర్లు మొదట వివరంగా రాసుకుంటారు. విసుక్కోకండి. చాలాసార్లు అసలు సంగతి దొరికేది ఆ రాతలోనే.

ఎదురుగా కూర్చున్నప్పుడు అడగాల్సినవి

"మీకు ఏ జబ్బు మీద అనుమానం ఉంది, ఇంకేం కావచ్చు?" ఇది మొదటిది. "ఈ పరీక్షలో ఏదైనా వస్తే చికిత్స మారుతుందా?" ఇది రెండోది. దీంతో అనవసరమైన ప్యాకేజీలు తగ్గుతాయి. మన ల్యాబ్‌ల్లో ఆర్థరైటిస్ ప్రొఫైల్ పేరుతో ఏఎస్ఓ, యూరిక్ యాసిడ్ కూడా కలిపి చేసేస్తారు. ఏఎస్ఓ పెరిగితే ఎప్పుడో గొంతు ఇన్ఫెక్షన్ వచ్చి ఉంటుందని మాత్రమే అర్థం. పెద్దవాళ్లలో కేవలం ఆ అంకె చూసి ఏళ్ల తరబడి పెన్సిలిన్ ఇంజెక్షన్లు వేయించుకున్నవాళ్లను చూశాను. మూడోది, "ఏం జరిగితే ఆగకుండా రావాలి? లేకపోతే మళ్లీ ఎప్పుడు?"

మీ వయసుకు ఇంకొకటి కలపండి. పిల్లల గురించి మీ ఆలోచన ఏమిటో డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి. కీళ్లవాతానికి ఎక్కువగా వాడే మందుల్లో మెథోట్రెక్సేట్ గర్భిణులకు ఇవ్వకూడదు, ముందుగానే ఆపాలి. హైడ్రాక్సీక్లోరోక్విన్ కొనసాగించవచ్చు. మెథోట్రెక్సేట్ రాస్తే అది వారానికి ఒక్కసారే అన్నది రెండుసార్లు అడిగి రూఢి చేసుకోండి. రోజూ వేసుకుని రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదకు తెచ్చుకున్నవాళ్లున్నారు. వారంలో ఏ రోజో చీటీ మీద తెలుగులో రాసిచ్చే డాక్టరు మీకు దొరికితే వాళ్లను వదులుకోకండి.

ఎప్పుడు మారాలి, ఎప్పుడు మారకూడదు

ఇది కొంచెం కఠినంగా చెప్తాను. డాక్టరును మార్చిన ప్రతిసారీ కథ మళ్లీ మొదటికి వస్తుంది. మా మందులు నిదానంగా పనిచేస్తాయి. హైడ్రాక్సీక్లోరోక్విన్, మెథోట్రెక్సేట్ లాంటివి గుణం చూపడానికి రెండు మూడు నెలలు పడుతుంది. పదిహేను రోజులకు తగ్గలేదని వేరేచోటికి వెళ్లేవాళ్లే ఎక్కువ. ఒక డాక్టరుకు కనీసం మూడు నాలుగు విజిట్లు అవకాశం ఇవ్వండి.

కానీ రెండుసార్లు వెళ్లినా ఒక్క కీలు కూడా ముట్టుకోకపోతే, జబ్బేమిటో చెప్పకుండా నెలల తరబడి స్టెరాయిడ్ మాత్రమే ఇస్తుంటే, ప్రశ్న అడిగితే కసురుకుంటే, అనుమానిస్తున్న జబ్బు పేరు చీటీ మీద రాయడానికి ఇష్టపడకపోతే మారండి. మొహమాటం వద్దు. ఫైలు మాత్రం తేదీల వరసలో పెట్టుకుని, ఎవరినీ నిందించకుండా కొత్త డాక్టరు ముందుకు వెళ్లండి.

మీ ఆయన్ని కూడా లోపలికి తీసుకెళ్లండి, బయట బెంచీ మీద కూర్చోబెట్టొద్దు. వీలైతే అత్తగారిని కూడా. వాపు ఉన్న కణుపును, లేని కణుపును పక్కపక్కన చూపించి నొక్కిస్తే, ఇంట్లోవాళ్ల మాట మారిపోవడం నేను చాలాసార్లు చూశాను. పెద్దవాళ్లకు మన మాటకన్నా డాక్టరు నోటి మాట ఎక్కువగా ఎక్కుతుంది.

ఇవి కనపడితే అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు: మూత్రం నురగగా రావడం, ముఖం లేదా కాళ్లు వాయడం, కొత్తగా బీపీ పెరగడం, ఊపిరి తీస్తే ఛాతీలో నొప్పి, ఆయాసం, ఫిట్స్, ఒక చెయ్యో కాలో పడిపోవడం, చూపు మసకబారడం, స్టెరాయిడ్ వాడుతుండగా గట్టి జ్వరం. దగ్గర్లోని పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెంటనే వెళ్లండి.

అపాయింట్‌మెంట్ దొరికేలోపు రక్తంతో పాటు మూత్ర పరీక్ష చేయించి పెట్టుకోండి, అందులో ప్రొటీన్ ఉందో లేదో చూడాలి. మీ జాబితాలో అది ఎక్కడా కనపడలేదు, ఖర్చూ తక్కువే. పొద్దున బిగువు ఎన్ని నిమిషాలు ఉంటోంది, ఎండకు చర్మం మీద ఏమైనా వస్తోందా, ఛాతీ ఎక్స్‌రే ఉందా, ఈ మూడూ ఇక్కడ కింద రాయండి. పేరు, ఫోన్ నంబరు, ల్యాబ్ రిపోర్టు మీదున్న ఐడీ పెట్టకండి. చూసి జవాబిస్తాను.